కామన్ యాప్ రివ్యూ: నైన్త్ గ్రేడ్‌లో అకౌంట్ తెరిస్తే దేనికి పనికొస్తుంది, దేనికి పనికిరాదు

అమెరికాలో హైస్కూల్ పిల్లలున్న తెలుగు ఇళ్లలో ఆగస్టు వచ్చిందంటే వినపడే పేరు కామన్ యాప్. 1975లో 15 కాలేజీలు కలిసి మొదలుపెట్టిన ఈ లాభాపేక్ష లేని సంస్థ ద్వారా ఇప్పుడు వెయ్యికి పైగా కాలేజీలకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. పేరు, ఇల్లు, చదువు, పరీక్షలు, యాక్టివిటీలు, ఎస్సే ఒక్కసారి నింపితే చాలు, ఎన్ని కాలేజీలకైనా అదే వెళ్తుంది. ఆపైన ఒక్కో కాలేజీ విడిగా అడిగే ప్రశ్నలు ఒక్కో చోట ఉంటాయి. అకౌంటుకు డబ్బేమీ లేదు. కాలేజీ ఫీజు మాత్రం కాలేజీదే: చాలా చోట్ల 50 నుంచి 90 డాలర్ల మధ్య, కొన్ని చోట్ల సున్నా.

ఈ అకౌంట్ నైన్త్ గ్రేడ్‌లోనే తెరవచ్చు. తెరవమనే నా సలహా. అయితే ఆ వయసులో దాన్ని ప్రశ్నపత్రంలా చదవడానికి తెరవాలి. మూడేళ్ల తర్వాత ఏమేం అడుగుతారో ముందే తెలిస్తే ఏది రాసి పెట్టుకోవాలో, ఏ కోర్సు వదలకూడదో తెలుస్తుంది. నింపే పని లెవెన్త్ అయ్యాక వచ్చే వేసవిది. ఈ రెండూ కలిపేసుకుని నైన్త్ నుంచే గడులు నింపుతూ కూర్చునేవాళ్లు అనవసరంగా శ్రమ పడతారు. ట్వెల్త్ ఆగస్టు దాకా అసలు మొహమే చూడనివాళ్లు పాత వివరాల కోసం వెతుక్కుంటారు.

అకౌంట్ తెరిచేటప్పుడు ఈమెయిల్ దగ్గరే మొదటి పొరపాటు జరుగుతుంది. స్కూల్ ఇచ్చిన ఈమెయిల్ పెట్టకండి. కొన్ని డిస్ట్రిక్టులు బయటి నుంచి వచ్చే మెయిళ్లను ఆపేస్తాయి, గ్రాడ్యుయేషన్ అయ్యాక ఆ అడ్రసే మూసేస్తాయి. అమ్మానాన్నల మెయిల్ కూడా వద్దు. కాలేజీల నుంచి వచ్చే ఇంటర్వ్యూ పిలుపులు, పోర్టల్ లాగిన్లు పిల్లలకు నేరుగా అందాలి. పేరు, ఇంటిపేరు ఉన్న మామూలు వ్యక్తిగత మెయిల్ ఒకటి కాలేజీల కోసమే పెట్టుకుని, దాన్ని వారానికోసారి చూసే అలవాటు టెన్త్ నుంచే చేయించండి.

ఏటా ఆగస్టు 1న కొత్త సంవత్సరపు ఫారం తెరుచుకుంటుంది. దానికి ముందు జూలై ఆఖరులో కొన్ని రోజులు సైట్ మూసి ఉంటుంది. పాత అకౌంట్ అలాగే కొత్త ఏడాదిలోకి వస్తుంది: ప్రొఫైల్, కుటుంబం, చదువు, పరీక్షలు, యాక్టివిటీలు, పర్సనల్ ఎస్సే నిలుస్తాయి. కాలేజీలు విడిగా అడిగే ప్రశ్నలకు రాసిన జవాబులు పోతాయి. టీచర్లకు, కౌన్సిలర్‌కు పంపిన ఆహ్వానాలు పోతాయి. సంతకం పెట్టిన ఫెర్పా పత్రం (విద్యార్థి రికార్డులు ఎవరు చూడొచ్చో చెప్పే చట్టం కింద ఇచ్చే అనుమతి) పోతుంది. కాబట్టి లెవెన్త్ వేసవిలో జూన్, జూలైల్లో ఉత్సాహంగా సప్లిమెంట్ ఎస్సేలు ఫారంలోనే టైప్ చేస్తే ఆగస్టు 1న ఖాళీ గడులు కనిపిస్తాయి. పైగా చాలా కాలేజీలు ఆ ప్రశ్నలనే ఏటా మారుస్తాయి.

యాక్టివిటీల పేజీ: అసలు విషయం ఇక్కడే ఉంది

ఈ ఫారం మొత్తంలో ముందుగా చూసి పెట్టుకున్నందుకు ఎక్కువ ఫలితం ఇచ్చే పేజీ ఇదే. పది యాక్టివిటీలకు చోటు. ఒక్కోదానికి: ఏ రకం అన్నది జాబితాలోంచి ఎంచుకోవాలి. హోదా లేదా పాత్ర 50 అక్షరాల్లో, సంస్థ పేరు 100 అక్షరాల్లో, ఏం చేశారో 150 అక్షరాల్లో రాయాలి. ఏయే గ్రేడ్లలో చేశారు, స్కూల్ నడిచేటప్పుడా సెలవుల్లోనా ఏడాది పొడవునా, వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు, కాలేజీలో ఇలాంటిది కొనసాగిస్తారా అని కూడా అడుగుతారు.

150 అక్షరాలంటే ఖాళీలు, కామాలతో సహా. ఇంగ్లీషులో అది సుమారు 22 నుంచి 25 మాటలు. మన పిల్లలు ఇక్కడే దెబ్బతింటారు. పదేళ్లు కూచిపూడి నేర్చుకున్న అమ్మాయి ఇలా రాస్తుంది: "ఐదేళ్ల వయసు నుంచి కూచిపూడి నేర్చుకుంటున్నాను. నాట్యం నాకు క్రమశిక్షణ, మన సంస్కృతి మీద గౌరవం నేర్పింది." ఇందులో చదివేవాళ్లకు చేతికి చిక్కేది ఏమీ లేదు. అదే అమ్మాయి ఇలా రాయొచ్చు: "రెండు గంటల సోలో రంగప్రవేశం, ఏటా 6 ప్రదర్శనలు, 12 మంది చిన్న పిల్లలకు అడుగులు, జతులు నేర్పడం, వృద్ధాశ్రమాల్లో ఉచిత కార్యక్రమాలు." అక్షరాల లెక్క దాదాపు ఒకటే. కానీ రెండో దానిలో శ్రమ ఎంతో, ఎవరికి పనికొచ్చిందో కనిపిస్తుంది. కూచిపూడి అంటే ఏమిటో తెలియని అడ్మిషన్ ఆఫీసర్ కోసం 150 అక్షరాలు ఖర్చు పెట్టనక్కర్లేదు: రకం దగ్గర డాన్స్ అని ఎంచుకుంటారు, 50 అక్షరాల గడిలో కూచిపూడి శాస్త్రీయ నర్తకి, సహాయ గురువు అని రాస్తారు, చాలు.

ఆ 50 అక్షరాల గడిని చాలామంది "వాలంటీర్", "మెంబర్" అన్న ఒక్క మాటతో వదిలేస్తారు. శనివారం బడిలో లెక్కలు చెప్పే పిల్లాడు "లెక్కల ట్యూటర్, 11లో టీం లీడ్" అని రాస్తే ఎదుగుదల అక్కడే తెలిసిపోతుంది. 150 అక్షరాలు మిగతా పనికి మిగులుతాయి.

గంటల లెక్కను తేలిగ్గా తీసుకోకండి. రోబోటిక్స్ టీం పోటీల సీజన్లో వారానికి 20 గంటలు నడవచ్చు, మిగతా రోజుల్లో 3 గంటలే ఉండవచ్చు. ఏడాది మొత్తం గంటలు కూడి, చేసిన వారాలతో భాగించి సగటు వేయాలి. స్కూల్ ఏడాది సుమారు 36 నుంచి 40 వారాలు. స్కూల్ క్లబ్బుకు 52 వారాలు వేస్తే చదివేవాళ్లు అక్కడే ఆగిపోతారు. పది యాక్టివిటీల వారపు గంటలు కూడి చూడండి. స్కూలు, హోంవర్కు, నిద్ర పోను మనిషికి మిగలని గంటలు తేలితే ఎక్కడో లెక్క తప్పినట్టే. ఒక్క యాక్టివిటీ గంటలు నమ్మశక్యంగా లేకపోయినా మిగతా తొమ్మిదింటి మీదా అనుమానం పడుతుంది.

రకాల జాబితాలో కుటుంబ బాధ్యతలు అని ఒకటుంది. జీతం వచ్చే పని అని ఇంకొకటుంది. మనవాళ్లు ఈ రెంటినీ వదిలేస్తారు, చెప్పుకోవడానికి చిన్నతనం అనుకుంటారు. స్కూల్ నుంచి వచ్చాక తమ్ముణ్ణి చూసుకోవడం, ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మను డాక్టర్ల దగ్గరికి తీసుకెళ్లి మాట అనువదించి చెప్పడం, నాన్న కిరాణా కొట్లో కౌంటర్ దగ్గర నిలబడడం ఇవన్నీ నిజమైన యాక్టివిటీలే. వారానికి 10 గంటలు అలా పోతున్న పిల్లలకు నాలుగు క్లబ్బులు ఎందుకు లేవో కూడా అదే గడి చెబుతుంది. 2025–26 ఫారంలో ఇలాంటి ఇంటి బాధ్యతల గురించి విడిగా కూడా అడిగారు.

ఇక్కడే కామన్ యాప్ ముఖ్యమైన లోపం. రోజువారీ లెక్క రాసుకునే చోటు అందులో లేదు. నైన్త్‌లో చేసిన ఫుడ్ బ్యాంక్ పని గంటలు, ఎవరి దగ్గర చేశారు, ఎప్పుడు మొదలుపెట్టి ఎప్పుడు ఆపారు అన్నది మూడేళ్ల తర్వాత ఎవరికీ గుర్తుండదు. కాబట్టి విడిగా ఒక స్ప్రెడ్‌షీట్ పెట్టండి. ఫారం అడిగే గడులనే శీర్షికలుగా వేసుకుంటే చాలు: పని పేరు, పాత్ర, సంస్థ, మొదలైన తేదీ, ఆగిన తేదీ, ఆ నెల గంటలు, ఏం చేశారో ఒక వాక్యం, ఎన్ని మందికి లేదా ఎంత మేరకు అన్న అంకె, ఆ పని తెలిసిన పెద్దల పేరు. నెలాఖరు ఆదివారం పది నిమిషాలు దీనికి కేటాయిస్తే ట్వెల్త్ సెప్టెంబరులో రెండు వారాలు మిగులుతాయి. అంకె గడి ఖాళీగా ఉంచకుండా నిజమైన అంకె ఏదో ఒకటి రాయించండి. 150 అక్షరాలకు బలం ఆ అంకెల నుంచే వస్తుంది.

అవార్డులకు ఐదే చోట్లు, ఒక్కోటి 100 అక్షరాలు. ఏ గ్రేడ్‌లో వచ్చింది, స్కూల్ స్థాయా, రాష్ట్ర స్థాయా, జాతీయ స్థాయా, అంతర్జాతీయమా అని అడుగుతారు. మిడిల్ స్కూల్లో గెలిచిన స్పెల్లింగ్ బీ బహుమతికి ఇక్కడ స్థానం లేదు. గడులు నైన్త్ నుంచే మొదలవుతాయి. ఇది ముందే తెలిస్తే ఎయిత్ దాకా కూడబెట్టిన పతకాల మీద భరోసా పెట్టుకోకుండా ఉంటారు.

చదువు పేజీ, కౌన్సిలర్ నింపే పేజీ

విద్యార్థికి కనిపించే చదువు పేజీలో జీపీఏ, దాని స్కేలు, వెయిటెడా (కష్టమైన కోర్సులకు అదనపు పాయింట్లు కలిపిందా) కాదా, ర్యాంకు ఉంటే ర్యాంకు, ట్వెల్త్‌లో తీసుకుంటున్న కోర్సులు అడుగుతారు. పెద్ద విషయమేమీ లేదు. విద్యార్థికి కనిపించని ఇంకో పేజీ ఉంది: కౌన్సిలర్ పంపే స్కూల్ రిపోర్ట్. ఈ స్కూల్లో కాలేజీకి సిద్ధమవుతున్న మిగతా పిల్లలతో పోలిస్తే ఈ విద్యార్థి తీసుకున్న కోర్సులు ఎంత కష్టమైనవి అని అందులో ఒక ప్రశ్న. అత్యంత కఠినం అనే మెట్టు నుంచి సగటు కన్నా తక్కువ అనే మెట్టు దాకా ఒకదాని దగ్గర టిక్ పెట్టాలి. దానితో పాటు స్కూల్ ప్రొఫైల్ కూడా వెళ్తుంది: ఆ స్కూల్లో ఎన్ని ఏపీలున్నాయి (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే కాలేజీ స్థాయి కోర్సులు), గ్రేడింగ్ ఎలా అన్నది అందులో ఉంటుంది. అంటే పోలిక పక్క ఊరి స్కూలుతో కాదు, సొంత స్కూల్లో దొరికే కోర్సులతో. ఏడు ఏపీలే ఉన్న స్కూల్లో ఐదు తీసుకున్న పిల్లాడు, ముప్పై ఉన్న చోట ఐదు తీసుకున్న పిల్లాడు ఒకటి కారు.

అందుకే కోర్సుల వరుస నైన్త్‌కు ముందే చూసుకోవాలి. లెక్కల్లో ఒక గొలుసు ఉంది: ఆల్జీబ్రా 1, జామెట్రీ, ఆల్జీబ్రా 2, ప్రీకాల్క్యులస్, కాల్క్యులస్. ఆల్జీబ్రా 1 ఎయిత్‌లో అయిపోతే ట్వెల్త్‌లో కాల్క్యులస్ అందుతుంది. నైన్త్‌లో మొదలుపెడితే మధ్యలో ఒకటి వేసవిలో చేయాలి, లేదా రెండు ఒకే ఏడాది తీసుకోవాలి. ఇంజనీరింగ్ అడగదలచుకున్నవాళ్లకు ఇది తప్పించుకోలేని లెక్క. అలాగని వేసవి కోర్సులతో తోసుకుంటూ వెళ్లి ఆల్జీబ్రా 2 సరిగ్గా రాకుండానే ప్రీకాల్క్యులస్‌లో కూర్చునే పిల్లలు ఆ ఏడాది సి తెచ్చుకుంటారు. దాని మరక ట్రాన్‌స్క్రిప్టు మీద ఉండిపోతుంది. విదేశీ భాష మూడేళ్లా నాలుగేళ్లా అన్నది కూడా నైన్త్‌లోనే తేల్చుకోవాల్సిన విషయం. మధ్యలో ఆపి మళ్లీ అందుకోవడం కష్టం. తెలుగు క్లాసులకు హైస్కూల్ క్రెడిట్ ఇచ్చే డిస్ట్రిక్టులూ ఉన్నాయి. మీ డిస్ట్రిక్టు ఇస్తుందో లేదో కౌన్సిలర్‌ను నైన్త్ మొదట్లోనే అడగండి.

ట్వెల్త్ మొదటి సెమిస్టర్ మార్కులు మిడ్‌ఇయర్ రిపోర్టుగా వెళ్తాయి. సీటొచ్చాక చివరి మార్కులు కూడా వెళ్తాయి. అవి బాగా పడిపోతే ఇచ్చిన సీటు వెనక్కి తీసుకునే హక్కు కాలేజీకి ఉంటుంది.

పేరు, వీసా, కుటుంబం: మన ఇళ్లలోనే వచ్చే చిక్కులు

ప్రొఫైల్ పేజీ పది నిమిషాల పని అంటారు. తెలుగు ఇంట్లో అది ఒక పూట పట్టవచ్చు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరు ఇచ్చిన పేరు గడిలో పడ్డవాళ్లున్నారు. వీసా మీద మొదటి పేరు తెలియదు అన్న ముద్ర పడ్డవాళ్లున్నారు. స్కూల్ రికార్డులో ఇంటిపేరు ముందు, శాట్ (కాలేజీ ప్రవేశాలకు రాసే పరీక్ష) అకౌంట్లో వెనక, పాస్‌పోర్టులో పొడి అక్షరం మాత్రమే ఉన్నవాళ్లూ ఉన్నారు. కాలేజీ దగ్గరికి శాట్ స్కోర్ ఒక పేరుతో, ట్రాన్‌స్క్రిప్ట్ ఇంకో పేరుతో, దరఖాస్తు మరో పేరుతో చేరితే అవి ఒక ఫైల్లో పడవు. మీ స్కోర్ మాకు అందలేదు అన్న మెయిల్ వస్తుంది, వాళ్ల దగ్గర అది ఉంటూనే ఉంటుంది. పాస్‌పోర్టు సరిచేయించాలంటే నెలలు పట్టవచ్చు కాబట్టి టెన్త్‌లోనే మొదలుపెట్టండి. ఏది చట్టబద్ధమైన పేరో తేల్చుకుని స్కూల్లో, శాట్ నిర్వహించే కాలేజ్ బోర్డు అకౌంట్లో, కామన్ యాప్‌లో అక్షరం తేడా లేకుండా అదే వాడండి. ఇంట్లో, స్కూల్లో పిలిచే పేరు రాయడానికి వేరే గడి ఉంది.

పౌరసత్వం ప్రశ్న దగ్గర చిన్నప్పుడే అమెరికా వచ్చిన పిల్లలు తడబడతారు. రెండేళ్ల వయసులో వచ్చి ఇక్కడే పెరిగిన పిల్లలకు తమది హెచ్4 (హెచ్1బీ ఉద్యోగి కుటుంబానికి ఇచ్చే వీసా) అని ఒక్కోసారి తెలియను కూడా తెలియదు. ఫారం పౌరసత్వ దేశం, ప్రస్తుత వీసా వివరాలు అడుగుతుంది. ఉన్నది ఉన్నట్టు రాయాలి. దీని ప్రభావం డబ్బు మీద పెద్దది. హెచ్4 పిల్లలకు ఫెడరల్ సాయం కోసం వేసే ఫాఫ్సా వర్తించదు. చాలా ప్రైవేటు కాలేజీలు సాయం విషయంలో వీళ్లను అంతర్జాతీయ విద్యార్థుల కింద చూస్తాయి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ లాంటి కొన్ని మాత్రం ఎవరికి సాయం కావాలన్నది చూడకుండానే అంతర్జాతీయ విద్యార్థులకు కూడా సీటు నిర్ణయిస్తాయి. ప్రభుత్వ యూనివర్సిటీల్లో స్థానిక ఫీజు వస్తుందా లేదా అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కాలేజీల జాబితా వేసుకునే ముందు లెవెన్త్‌లోనే ఆ రాష్ట్రపు రెసిడెన్సీ నియమం యూనివర్సిటీ రిజిస్ట్రార్ పేజీలో చదవాలి. సీటొచ్చాక చదివితే లాభం లేదు.

భాషల దగ్గర ఒక్కో భాషకు మొదటి భాషా, మాట్లాడతారా, చదువుతారా, రాస్తారా, ఇంట్లో మాట్లాడేదా అని గడులుంటాయి. తెలుగు తప్పక పెట్టాలి. చదవడం రాకపోతే ఆ గడి వదిలేయాలి. కుటుంబం పేజీలో అమ్మానాన్నల ఉద్యోగం, చదివిన కాలేజీ, డిగ్రీ, ఏడాది అడుగుతారు. జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీనా, ఉస్మానియానా, ఏ ఏడాది పట్టా చేతికొచ్చింది అని రాత్రి పదకొండింటికి పిల్లలు వచ్చి అడగకుండా ఆ వివరాలు ఒక కాగితం మీద ముందే రాసివ్వండి. పిల్లల ఫారంలోకి వెళ్లడానికి అమ్మానాన్నలకు విడిగా లాగిన్ ఉండదు. పక్కన కూర్చుని చూడొచ్చు. చివర్లో ఇదంతా నా సొంత పని అని సంతకం పెట్టేది మాత్రం పిల్లలే కాబట్టి పెద్దలు వాళ్ల బదులు నింపడం సరికాదు.

సిఫారసులు: ఎక్కువమంది ఇరుక్కునే చోటు

క్రమం ఇది. ముందు చదువు పేజీలో హైస్కూల్ పేరు నింపాలి. కనీసం ఒక కాలేజీ జాబితాలో పెట్టుకోవాలి. అప్పుడే ఫెర్పా పత్రం తెరుచుకుంటుంది. అందులో, టీచర్లు రాసిన సిఫారసు ఉత్తరాలను తర్వాత చూసుకునే హక్కును వదులుకుంటున్నాను అన్న దగ్గర టిక్ పెట్టడమే మంచిది. విద్యార్థి చూస్తారని తెలిస్తే టీచర్లు మొహమాటపడి రాస్తారు, కాలేజీలకు కూడా ఆ ఉత్తరం మీద నమ్మకం తగ్గుతుంది. ఒకసారి ఉత్తరాలు వెళ్లాక ఈ టిక్ మార్చలేరు.

మీ స్కూలు నావియన్స్ (స్కూళ్లు కాలేజీ కాగితాలు పంపడానికి వాడే సైట్) వాడుతుంటే దారి వేరు. అక్కడ టీచర్లను కామన్ యాప్‌లో ఆహ్వానించకూడదు. రెండు అకౌంట్లూ కలిపి, అడగడమంతా నావియన్స్‌లోనే చేయాలి. ఫెర్పా సంతకం చేయకుండా కలపబోతే కలవదు. రెండు చోట్లా అడిగితే టీచర్‌కు రెండు మెయిళ్లు వెళ్లి, ఏ లింకులో ఎక్కించాలో తెలియక ఆలస్యమవుతుంది. మీ స్కూల్లో ఏది నడుస్తోందో లెవెన్త్‌లో జరిగే కాలేజీ సమావేశంలోనే కనుక్కోండి.

లెక్కలు లేదా సైన్స్ చెప్పిన టీచర్ ఒకరు, ఇంగ్లీష్ లేదా హిస్టరీ చెప్పిన టీచర్ ఒకరు, ఇద్దరూ లెవెన్త్‌లో చెప్పినవాళ్లయితే మేలు. అడగాల్సింది ఆ వసంతంలోనే. మంచి టీచర్లు ఏడాదికి ఇన్ని ఉత్తరాలే రాస్తామని గిరి గీసుకుంటారు. సెప్టెంబరులో వెళ్లి అడిగితే ఖాళీ ఉండదు. ఒప్పుకున్నాక వాళ్ల క్లాసులో చేసిన ఒక ప్రాజెక్టు, ఎక్కడ ఇబ్బంది పడి ఎలా గట్టెక్కారు అన్నది ఒక పేజీలో రాసివ్వండి. రెజ్యూమే ఇస్తే ఉత్తరంలో రెజ్యూమేనే తిరిగి వస్తుంది.

ఎస్సే, పరీక్షలు, సబ్మిట్ బటన్

పర్సనల్ ఎస్సే 250 నుంచి 650 మాటలు. ప్రశ్నలు ఏడు, ఏడోది ఇష్టమైన విషయం మీద. నైన్త్, టెన్త్‌లలో దీన్ని ముట్టుకోవద్దు. అప్పుడు రాసింది ట్వెల్త్ పిల్లాడి గొంతులా వినపడదు. కృత్రిమ మేధ చేత అసలు విషయం రాయించుకుని తమదిగా ఇవ్వడాన్ని కామన్ యాప్ మోసాల జాబితాలో చేర్చింది. అదనపు సమాచారం పెట్టె 2025–26 నుంచి 300 మాటలకు తగ్గింది, అంతకుముందు 650 ఉండేవి. పాత సలహాలు పట్టుకుని అక్కడ రెండో ఎస్సే పెడదామనుకునేవాళ్లు గమనించాలి. కష్టాలు, పరిస్థితులు చెప్పుకునే పెట్టె వేరే ఉంది, 250 మాటలు.

పాత ప్రతులు దాచే సదుపాయం ఈ సైట్‌లో లేదు. పేరా చెరిపి సేవ్ చేస్తే పోయినట్టే. అందుకే అన్నీ బయట డాక్యుమెంట్‌లో రాసి, తేదీ పెట్టి దాచి, చివరి ప్రతి మాత్రం అతికించండి. అతికించాక పేరాల మధ్య ఖాళీలు సరిగ్గా ఉన్నాయో చూడాలి.

శాట్ మార్కులు ఫారంలో సొంతంగా చెప్పుకోవచ్చు, చెప్పకుండా ఉండవచ్చు. అయితే ఎంఐటీ, హార్వర్డ్, బ్రౌన్, యూటీ ఆస్టిన్ లాంటివి పరీక్షను మళ్లీ తప్పనిసరి చేశాయి. ఇప్పటి శాట్ కంప్యూటర్ మీద, బ్లూబుక్ అనే యాప్‌లో, 2 గంటల 14 నిమిషాలు; అదే యాప్‌లో నమూనా పరీక్షలు ఉచితం, ఖాన్ అకాడమీ పాఠాలూ ఉచితం. వేల డాలర్ల కోచింగ్‌లో చేర్చే ముందు ఇవి పూర్తిచేయించండి. పరీక్ష రాశాక తొమ్మిది రోజుల్లోపు నాలుగు కాలేజీలకు స్కోర్ ఉచితంగా పంపవచ్చు. చాలా కాలేజీలు సీటొచ్చేదాకా విద్యార్థి చెప్పిన మార్కులనే నమ్ముతాయి కాబట్టి ముందే అన్నింటికీ డబ్బు కట్టి పంపనక్కర్లేదు.

సబ్మిట్ అనేది ఒక్క బటన్ కాదు. ముందు పీడీఎఫ్ చూపిస్తుంది, తర్వాత ఫీజు, తర్వాత సంతకం. అంతటితో అయిపోయిందనుకుని మూసేస్తారు. కొన్ని కాలేజీలకు రైటింగ్ సప్లిమెంట్ వేరుగా సబ్మిట్ చేయాలి. డాష్‌బోర్డులో రెండు చోట్లా ఆకుపచ్చ టిక్ వచ్చిందో లేదో చూడాలి. పీడీఎఫ్ ప్రతి పేజీ చదవండి, వాక్యం తెగిపోతే అక్కడే కనిపిస్తుంది. ఒక కాలేజీకి పంపాక దాన్ని వెనక్కి తీసుకోలేరు, మిగతావాటికి మాత్రం ఎస్సే, యాక్టివిటీలు మార్చి పంపవచ్చు. ఎర్లీ డెసిషన్‌కు విద్యార్థితో పాటు తల్లి లేదా తండ్రి, కౌన్సిలర్ కూడా సంతకం పెట్టాలి. సీటొస్తే చేరాల్సిందే అన్న ఒప్పందం అది. ఎంత ఖర్చవుతుందో కాలేజీ సైట్‌లోని నెట్ ప్రైస్ కాలిక్యులేటర్‌లో వేసి చూశాకే ఒప్పుకోండి. జాబితాలో గరిష్ఠంగా 20 కాలేజీలు పెట్టుకోవచ్చు. ఒక్కోదానికి రెండు మూడు సప్లిమెంట్లుంటాయి కాబట్టి పది పన్నెండు దాటితే రాత నాణ్యత పడిపోతుంది.

అన్ని కాలేజీలూ ఇందులో లేవు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపసులకు వేరే ఫారం: ఆగస్టు 1న తెరుచుకుంటుంది, అక్టోబర్ 1 నుంచి సాధారణంగా నవంబర్ ఆఖరు దాకా పంపవచ్చు. ఎనిమిదిలో నాలుగు ప్రశ్నలకు ఒక్కోటి 350 మాటలు మించకుండా రాయాలి. యాక్టివిటీలు, అవార్డులు కలిపి 20 దాకా పెట్టవచ్చు. శాట్ చూడరు. జీపీఏకు టెన్త్, లెవెన్త్ మార్కులే లెక్క. ఎంఐటీది కూడా సొంత ఫారమే. స్ప్రెడ్‌షీట్ బయట పెట్టుకోమన్నది ఇందుకు కూడా. అదే సమాచారం మూడు ఫారాలకు మూడు కొలతల్లో కత్తిరించుకోవచ్చు.

హైదరాబాద్, విజయవాడ నుంచి దరఖాస్తు పెట్టేవాళ్లకు

అమెరికా కాలేజీలు నైన్త్ నుంచి ట్వెల్త్ దాకా నాలుగేళ్ల మార్కులు అడుగుతాయి. మన దగ్గర టెన్త్ అయ్యాక స్కూల్ మారి ఇంటర్ కాలేజీలో చేరతారు కాబట్టి రెండు చోట్ల నుంచి కాగితాలు కావాలి. టెన్త్‌కు మెమో ఉంటుంది. నైన్త్‌కు బోర్డు పరీక్ష లేదు కాబట్టి పాత స్కూలు లెటర్‌హెడ్ మీద సబ్జెక్టుల వారీ మార్కులు రాసి, ప్రిన్సిపాల్ సంతకం, ముద్ర వేసి ఇవ్వాలి. టీసీ తీసుకునే రోజే ఇది కూడా అడిగి, మూడు ప్రతులు తీసుకోండి. రెండేళ్ల తర్వాత వెళ్తే రిజిస్టర్ వెతికే ఓపిక ఎవరికీ ఉండదు. ఫారంలో పాత స్కూల్ వివరాలు, చదివిన తేదీలు పెట్టడానికి వేరే గడి ఉంది.

ఇంటర్ కాలేజీల్లో చాలా చోట్ల కౌన్సిలర్ అనే ఉద్యోగమే ఉండదు. ప్రిన్సిపాల్ లేదా వైస్ ప్రిన్సిపాల్ ఆ పాత్ర వహించవచ్చు. సాధ్యమైతే వాళ్ల వ్యక్తిగత మెయిల్ బదులు కాలేజీ పేరున్న మెయిల్ ఇప్పించుకోండి. స్కూల్ రిపోర్ట్ అంటే ఏమిటో వాళ్లకు కొత్త కావచ్చు. ఏ ప్రశ్నలుంటాయో, ఏ కాగితాలు ఎక్కించాలో తెలుగులోనే ఒక పేజీ రాసి పట్టుకెళ్లండి. గడువుకు కనీసం ఆరు వారాల ముందు వెళ్లాలి. నవంబర్, డిసెంబర్‌లలో వాళ్లకు పరీక్షల హడావిడి, ఫీజుల హడావిడి ఉంటుంది.